ఆకు పేరున్న మందు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడే మన బళ్ళారి సరిహద్దు ఊళ్ళలో కొన్ని మాటలకు తర్జుమా అక్కరలేదు. 'రక్తహీనత' అలాంటి మాట. కన్నడంలో చివర కొద్దిగా పలుకు మారుతుంది, అంతే. మాట ఒకటే, బాధా ఒకటే. సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం బండ్లకొద్దీ దూరదేశాలకు వెళ్ళింది. ఆ కొండల నీడలో మిరపకాయలు కోసే, పత్తి తీసే ఆడవాళ్ళ నెత్తుట్లో మాత్రం ఇనుము చాలదు. మన జిల్లా ఒక్కటే ఇలా ఉందనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది.

ఈ లోపానికి సర్కారు ఆసుపత్రుల్లోనూ, అంగన్‌వాడీల్లోనూ, బడుల్లోనూ ఒక మాత్ర ఇస్తారు. దాన్ని అందరూ 'ఐరన్ మాత్ర' అనే పిలుస్తారు. నిజానికి అందులో రెండు మందులున్నాయి. ఒకటి ఇనుము. రెండవది ఫోలిక్ ఆమ్లం. ఇనుము రక్తానికి మంచిదని లోకానికి ఎప్పటినుంచో తెలుసు. రెండవ మందు కథ మాత్రం ఇటీవలిది. ఆ కథలో ముఖ్యపాత్ర వహించినవారిలో మన తెలుగు డాక్టరు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. రక్తవ్యాధుల విషయంలో ఆయన చేసిన కృషి గురించే ఈనాటి నా ప్రసంగం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆనాడు భీమవరమూ, బళ్ళారీ రెండూ మద్రాసు రాజధానిలోనే ఉండేవి. అక్కడి కుర్రవాడైనా ఇక్కడి కుర్రవాడైనా పెద్ద చదువుకు మద్రాసు రైలు ఎక్కవలసిందే. సుబ్బారావు చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి పనికిరానివాడని తేల్చేసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని ఉపాధ్యాయవృత్తిలో ఉన్నదాన్నిగా మనవి చేస్తున్నాను.

తరువాత ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స చేసేటప్పుడు వేసుకునే అంగీ కూడా ఖద్దరుదే తొడిగారు. ఆంగ్లేయుడైన ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే పనిలో కుదురుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో ఇద్దరు సోదరులు ఒకరి వెంట ఒకరు చనిపోయారు. ఈ వ్యాధిలో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, మనిషి ఎండిపోతాడు, రక్తం పాలిపోతుంది. సుబ్బారావుగారికీ అదే జబ్బు చేసింది. ప్రసిద్ధ వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నారు. సోదరులను మింగిన వ్యాధి అంతు తేల్చాలన్న పట్టుదల అప్పుడే నాటుకుందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు డబ్బు సర్దారు. 1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. చేతిలో డాక్టరు పట్టా ఉన్నా అక్కడ వైద్యం చేసే హక్కు లేదు. పూట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర ఆయన చేసిన పని జీవరసాయనశాస్త్రం చదివినవారందరికీ తెలుసు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. దాని పేరే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. కండరం కదలడానికి కావలసిన శక్తి ఏ పదార్థంలో దాగి ఉంటుందో వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. ఎ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. వచ్చింది.

ఇక రక్తం సంగతికి వద్దాం. ఆ కాలంలో పెర్నీషస్ ఎనీమియా అనే రక్తహీనత పేరు చెబితే డాక్టర్లే భయపడేవారు. వచ్చినవాడు బతకడు. 1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఈ రోగులకు ప్రతిరోజూ కాలేయం, అంటే పశువుల లివరు, పావుకిలో దాకా తినిపించి బతికించారు. అందుకు 1934లో విపుల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి వారికి నోబెల్ బహుమతి ఇచ్చారు. కాలేయంలో ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటి? అది తెలిస్తే రోగి కష్టపడి లివరు మింగనక్కరలేదు, ఒక చిన్న సూదిమందు చాలు. ఈ వేటలో దిగినవారిలో సుబ్బారావుగారు ఒకరు. కాలేయాన్ని అరగదీసి, వడగట్టి, భాగాలుగా విడదీసి, ఏ భాగంలో మందు ఉందో చూడడం ఆయన పని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో మరొక వైపు నుంచి వెలుగు వచ్చింది. లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చారు. అక్కడి బట్టలమిల్లుల కూలి స్త్రీలు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఆవిడ ఆసుపత్రిలోనే కూర్చోలేదు, వాళ్ళు ఏం తింటున్నారో విచారించారు. తిండి లోపమే జబ్బుకు మూలమని గ్రహించారు. ఈస్టు నుంచి తీసిన చవకరకం లేహ్యం తినిపిస్తే రోగులు చకచకా కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించారు. కూనూరులోనూ, మద్రాసులోనూ కూడా ఆవిడ ఈ పని సాగించారు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. పెర్నీషస్ ఎనీమియాకు బాగా పనిచేసే శుద్ధిచేసిన లివరు మందు ఈ స్త్రీలకు పనిచేయలేదు. అంటే రక్తానికి కావలసిన వస్తువులు ఒకటి కాదు, రెండు ఉన్నాయన్నమాట. ఆ రెండవదానికి చాలాకాలం 'విల్స్ ఫ్యాక్టర్' అనే పేరుండేది.

1940లో సుబ్బారావుగారు హార్వర్డ్ విడిచి లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళారు. అది న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ అనే ఊళ్ళో ఉండేది. 1942లో అక్కడి పరిశోధనకు ఆయనే అధిపతి అయ్యారు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు బండ్లకొద్దీ పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థం తీసి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో 'ఫోలియం' అంటే ఆకు. మన భాషలో చెప్పుకోవాలంటే అది ఆకు ఆమ్లం, ఇక్కడి కన్నడంలో సొప్పు ఆమ్లం. దాన్ని శుద్ధిగా, మనిషికి మందుగా ఇవ్వదగినంత పరిమాణంలో తయారుచేయడం అప్పటికి ఎవరివల్లా కాలేదు.

లెడర్లేలో సుబ్బారావుగారి బృందం ఆ పని తలకెత్తుకుంది. ఆ పదార్థం ఉంటేనే పెరిగే ఒక సూక్ష్మజీవిని పెంచి, అది ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి ఏ గిన్నెలో ఎంత మందు ఉందో కొలిచేవారు. 1943లో స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్త అక్కడే కాలేయం నుంచి దాని స్ఫటికాలు తీశారు. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనాలతో కృత్రిమంగా తయారుచేసింది. ఇక ఆకులూ అక్కరలేదు, లివర్లూ అక్కరలేదు. టన్నులకొద్దీ తయారు చేసుకోవచ్చు. టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని రక్తహీనత రోగులకూ, క్యూబా, ప్యూర్టోరికో దీవుల్లోని స్ప్రూ రోగులకూ ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ళు లేచి కూర్చున్నారు. శ్రోతలారా, ఆ స్ప్రూ మరేదో కాదు. సుబ్బారావుగారి సోదరులను తీసుకుపోయిన వ్యాధే. ఈనాటికీ ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ ఆమ్లంతో పాటు టెట్రాసైక్లిన్ మందు ఇస్తారు. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే, డగ్గర్ అనే శాస్త్రవేత్త కృషివల్ల వెలువడింది.

ఇంతకూ ఈ ఆకు ఆమ్లం రక్తంలో ఏం చేస్తుంది? మన ఎముకల లోపలి మూలుగ ఒక పెద్ద కార్ఖానా. సెకనుకు సుమారు ఇరవై లక్షల ఎర్రకణాలు అక్కడ పుడుతుంటాయి. ఒక్కొక్క కణం ఆయుష్షు 120 రోజులే కాబట్టి ఈ పని ఒక్క నిమిషం ఆగడానికి వీల్లేదు. ఒక కణం రెండుగా చీలాలంటే దాని నడుమనున్న డి.ఎన్.ఎ. ముందు రెండు కావాలి. డి.ఎన్.ఎ. తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే కణం ఉబ్బుతుంది గాని చీలలేదు. పెద్ద పెద్ద కణాలు, తక్కువ సంఖ్య, పాలిపోయిన ముఖం, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

అయితే పెర్నీషస్ ఎనీమియాకు ఫోలిక్ ఆమ్లమే మందా? మొదట అలాగే అనిపించింది. ఇస్తే రక్తం పెరిగింది. కాని కాళ్ళ తిమ్మిరి, నడకలో తూలడం వంటి నరాల జబ్బు తగ్గలేదు, కొందరికి ముదిరింది కూడా. ఆ రోగానికి అసలు మందు వేరే ఉందని తేలింది. 1948లో అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ దాన్ని వేరుచేశారు. అదే విటమిన్ బి–12. సుబ్బారావుగారు ఏళ్ళతరబడి కాలేయంలో వెతికింది దానికోసమే. అది ఇతరుల చేతికి చిక్కింది. కాని వెతుకులాటలో ఆయనకు అందిన ఫోలిక్ ఆమ్లం తక్కువదేమీ కాదు. దీనివల్ల మనకొక బుద్ధి కూడా వచ్చింది. రక్తం తక్కువైందని ఎవరికి వారే ఫోలిక్ మాత్రలు కొని మింగుతూ కూర్చుంటే, లోపల బి–12 లోపం కప్పడిపోయి నరాలు పాడుకావచ్చు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసాలలో తప్ప కూరగాయల్లో బి–12 ఉండదు. పాలు కూడా దొరకని శాకాహారులు ఇది గమనించాలి. పరీక్ష చేయించుకునే మందు వాడాలి.

కథ ఇక్కడితో ఆగలేదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. రక్తక్యాన్సర్, అంటే లుకేమియా వచ్చిన పసిపిల్లలు ఆయన కళ్ళముందే వారాలలో చనిపోతుండేవారు. ఈ జబ్బులో తెల్లకణాలు అదుపు లేకుండా చీలుతూ మూలుగనంతా ఆక్రమిస్తాయి. ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా జోరు అందుకున్నట్టు ఫార్బర్ గమనించారు. మరొకరైతే ఆ దారి మూసేసేవారు. ఆయన ఎదురు ప్రశ్న వేసుకున్నారు: ఇస్తే పెరిగే రోగం, అందకుండా చేస్తే తగ్గదా?

ఆ ప్రశ్నకు సరుకు లెడర్లేలో ఉంది. ఫోలిక్ ఆమ్లం తయారుచేయడం నేర్చిన చేతులు దానికి మారుపేరులాంటి పదార్థాలనూ తయారుచేశాయి. దొంగ తాళంచెవిని ఊహించుకోండి. తాళంలో దూరుతుంది, తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. సుబ్బారావుగారి బృందం పంపిన అమినోప్టెరిన్ అనే ఆ మందును ఫార్బర్ పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొన్ని నెలలకు మళ్ళీ తిరగబెట్టిన మాట నిజమే. కాని రక్తక్యాన్సర్‌ను ఒక మందు వెనక్కి నెట్టగలదని ఖాయంగా తెలియడం అప్పుడే. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1956లో గర్భసంచిలో పుట్టే ఒక రకం క్యాన్సర్‌ను ఈ మందు ఒక్కటే పూర్తిగా నయం చేసింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకు ఇప్పుడు ఇతర మందులతో కలిపి దీన్ని వాడుతున్నారు. వైద్యం బాగా అందే దేశాల్లో పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతికి బట్టకడుతున్నారు.

రక్తానికి ఆకలైతే అన్నం పెట్టడం, అదే రక్తం మదమెక్కితే అన్నం ఆపడం — ఒకే పదార్థం గురించిన జ్ఞానం రెండింటికీ పనికొచ్చింది. సుబ్బారావుగారి వైద్య పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఆ జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. పాతికేళ్ళు పైగా అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరుడు కాలేదు. 1922లో ఓడ ఎక్కినాయన మళ్ళీ సొంతగడ్డ మీద కాలు పెట్టలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన ఘనత చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలి ఎదురుచూపు కూడా చెప్పుకోవడం న్యాయం. నోబెల్ బహుమతి రాలేదు. తరువాత ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంలో 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

మరి ఈ జ్ఞానం మన గడపదాకా ఎలా వచ్చింది? 1970లో మన ప్రభుత్వం ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రల పథకం మొదలుపెట్టింది. 2018లో రక్తహీనత లేని భారత్ పేరుతో దాన్ని మరింత గట్టి చేసింది. గర్భిణులకు ఎర్ర మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. నాలుగవ నెల నుంచి 180 రోజులు. బడిలోని పెద్ద పిల్లలకు వారానికొకటి నీలం మాత్ర. ఆ నీలం మాత్రలు కిటికీ బయట, కాంపౌండు గోడ పక్కన పడి ఉండడం నేను చాలాసార్లు చూశాను. "టీచర్, కడుపులో తిప్పుతుంది", "టీచర్, విరేచనం నల్లగా వస్తుంది" అంటారు ఆడపిల్లలు. వాళ్ళను కోప్పడి లాభం లేదు, కారణం చెప్పాలి. నలుపు ఒంటికి పట్టగా మిగిలిన ఇనుముది, అపాయమేమీ లేదు. పరగడుపున వేసుకుంటే తిప్పుతుంది, భోజనం చేశాక వేసుకుంటే సర్దుకుంటుంది. మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, కాసేపు ఆగాలి. నిమ్మరసం, ఉసిరి తోడైతే బాగా పడుతుంది.

తల్లి కాబోయే ఆడపిల్లల విషయంలో మరో ముఖ్య సంగతి. గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే బిడ్డ వెన్ను ఏర్పడిపోతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. 1991లో ఇంగ్లండు వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాల్లో చేయించిన పరీక్షలో, అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్ళీ రావడం నూటికి 72 వంతులు తగ్గింది. కాబట్టి పెళ్ళైన అమ్మాయి బిడ్డను కోరుకునే రోజు నుంచే ఈ మాత్ర గురించి డాక్టరమ్మను అడగాలి. అత్తగారు ఒప్పుకోవాలి, మొగుడు తెచ్చిపెట్టాలి.

మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్ళవాతానికి కూడా చిన్న మోతాదులో ఇస్తారు. అది వారానికొకసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే మూలుగ ఎండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ మందు రాసి ఉంటే, ఏ వారం వేసుకోవాలో చీటీ మీద మీరు చదివే భాషలో, తెలుగైతే తెలుగులో, కన్నడమైతే కన్నడంలో రాయించుకోండి. రెండు భాషలున్న మన ఊళ్ళలో మందుచీటీ మూడవ భాషలో ఉండడం వల్ల వచ్చే ముప్పు ఇంతా అంతా కాదు.

చివరగా ఆకు సంగతి. పుంటికూర, మెంతికూర, తోటకూర, పాలకూర మన పెరట్లో, సంతలో దొరికేవే. శనగలు, అలసందలు, కందిపప్పులో కూడా ఫోలేట్ బాగా ఉంటుంది. గంటలకొద్దీ ఉడకబెట్టి నీళ్ళు వంచేస్తే అది నీళ్ళతో పోతుంది. మూత పెట్టి కొద్దిసేపే ఉడికించి, ఆ నీళ్ళు పప్పులోనే కలుపుకోండి. కాని ఒక మాట. ఇప్పటికే ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ఆకుకూర ఒక్కటే చాలదు. దగ్గరి ఆరోగ్యకేంద్రంలో వేలు గుచ్చి రక్తం చూస్తారు. ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. గర్భిణికి 11 గ్రాములకు తక్కువైతే రక్తహీనతే.

కిటికీ బయట పడేసే ఆ చిన్న మాత్రలో బొంబాయి మిల్లు కూలి స్త్రీల బాధ ఉంది, భీమవరం కుర్రవాడి పాతికేళ్ళ పట్టుదల ఉంది. అది మన పిల్లల నోట్లోకి వెళ్ళేలా చూసే పని మాత్రం ఏ శాస్త్రవేత్తా చేయలేడు. అది మనం చేయవలసిందే.